మూడు బుడగలు

మల్కాపురంలో సాయంత్రం ఆరున్నరకి అప్పలసూరి షెడ్డు షట్టరు దించాడంటే, ఇంట్లో గౌరీశ్వరికి గడియారంతో పని ఉండేది కాదు. భర్త నడిచొచ్చే దారి పొడుగునా ఆపి ఉన్న బళ్లు ఒకదాని తరవాత ఒకటి హారన్ కొట్టేవి. తాళం వేసినవే, మీద మనిషి లేనివే. అప్పలసూరి చేత ఒకసారి ఇంజను విప్పించుకున్న బండి, ఆ మనిషి పక్కనుంచి వెళ్తుంటే పలకరించకుండా ఊరుకోదు. పోస్టాఫీసు ముందుండే పాత స్కూటరు సన్నగా కీచుమనేది. పాలాయన మోటారు సైకిలు బొంగురు గొంతుతో రెండుసార్లు అనేది. రోడ్డు వారన ఎప్పుడూ నిద్రపోతూ ఉండే లారీ ఒకటి ఉండేది, అది అందుకుంటే ఉయ్యాల్లో పిల్లలు ఉలిక్కిపడేవారు. "అదిగో, సూరి ఇంటికెల్తన్నాడు" అనుకుని పేటలో ఎవరి పని వాళ్లు చేసుకునేవారు.

పోస్టాఫీసు దగ్గర మొదటి హారన్‌కి గౌరీశ్వరి పొయ్యి మీద నీళ్లు పెట్టేది. లారీ అరుపుకి టీ పొడి. సందు మొదట్లో ఆటోలు మూడూ ఒక్కసారి కూస్తే పాలు. పొంగు దించేసరికి అతను గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఉండేవాడు. ఇరవై ఏళ్లు ఆ టీ ఒక్కరోజూ చెడలేదు.

రెండేళ్ల నుంచి చెడుతోంది. పోస్టాఫీసు ముందు స్కూటరు పోయి కరెంటు స్కూటరు వచ్చింది. సందు మొదట్లో ఆటోల్లో రెండు కరెంటువైపోయాయి. అవి పలకవు. వాటికి ఆయిలు మార్చే పని లేదు, ప్లగ్గు తుడిచే పని లేదు, కార్బరేటరు అసలే లేదు. అప్పలసూరి చెయ్యి పడనప్పుడు అతనెవరో వాటికెలా తెలుస్తుంది? దారిలో చాలా చోట్ల నిశ్శబ్దం పడిపోయింది. నీళ్లు ఎప్పుడు పెట్టాలో గౌరీశ్వరికి అంతు చిక్కేది కాదు. ఒకరోజు టీ పచ్చివాసన వేసేది, ఇంకోరోజు మరిగి మరిగి చేదెక్కేది. అప్పలసూరి ఏదిస్తే అది తాగేసేవాడు.

"వాటికి గుండె నేదు," అనేవాడు గ్లాసు కింద పెట్టి. "సీటు కింద డబ్బా ఉన్నాది, అంతే. డబ్బాకి మనుసులేటి తెలుస్తారు?"

వాళ్ల ఒక్కగానొక్క కూతురు శ్రీవల్లి ఆ మాట ఒప్పుకునేది కాదు. పాలిటెక్నిక్ రెండో ఏడు మధ్యలో మానేసి, తండ్రి షెడ్డులో ఆరేళ్లుగా పానాలు పట్టుకుంటోంది. చదువు మానేసిందని ఎవరైనా జాలిపడితే ఆమెకి ఒళ్లు మండేది. ఏ పనికైనా ఒక వీడియో ఉంటుందనీ, రెండుసార్లు చూస్తే చెయ్యొచ్చనీ ఆమె నమ్మకం. ఇప్పటికి పదకొండు బళ్లు ఆమెని చూసి హారన్ కొడతాయి. తండ్రివి కావు, అచ్చంగా ఆమెవి. పద్దెనిమిదో ఏట మొదటిసారి తనంతట తాను ఇంజను దించి ఎక్కించిన ఇంటి మోపెడ్‌తో మొదలు. దాని హారన్ ముసలమ్మ దగ్గులా ఉంటుంది. షెడ్డుకి దగ్గర దారి ఉన్నా శ్రీవల్లి ఆ పదకొండూ వచ్చేలా చుట్టు తిరిగి వెళ్లేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు గానీ అందరికీ వినపడేది.

చైత్రంలో ఆమె షెడ్డు బోర్డు మీద, తండ్రి పేరు కింద, తెల్ల పెయింటుతో ఒక వరుస రాసింది: కరెంటు బళ్లు కూడా బాగుచేయబడును.

అప్పలసూరి బోర్డుని చాలాసేపు చూశాడు. "నాకు రాదు," అన్నాడు.

"నాకొచ్చు నాన్నా."

ఆ షెడ్డుకి ఒక పద్ధతి ఉంది. రిపేరైన బండిని అలాగే ఇవ్వరు. ఎవరు విప్పారో వాళ్లే పంపు పెట్టి కడిగి, గుడ్డతో ఆరబెట్టి, హ్యాండిలుకి ఒక మందారం గుచ్చి ఇవ్వాలి. ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లేవాళ్లకి తలంటు పోసినట్టుగా అని అప్పలసూరి మేనమామ పెట్టిన ఆచారం అది. చిన్న పంక్చరుకి వచ్చినా సరే, మురికి బండి ఆ గేటు దాటదు. మల్కాపురంలో ఇంకెక్కడికీ పోకుండా జనం అక్కడికే రావడానికి సగం కారణం ఆ స్నానమే.

బోర్డు రాసిన పదో రోజున సూర్యకళ వచ్చింది. యారాడలో ఉంటుంది. తెల్లారేసరికి ఒడ్డుకొచ్చిన పడవల దగ్గర చేప ఎత్తుకుని, కొండ ఎక్కి దిగి, మల్కాపురం, గాజువాక కాలనీల్లో ఇంటింటికీ అమ్ముతుంది. పదిహేనేళ్లు తల మీద గంపతో బస్సుల్లో తిరిగింది. నీచు వాసనని కండక్టర్లు దింపేస్తుంటే విసిగిపోయి, పెందుర్తిలో ఎవరిదో వాడేసిన కరెంటు స్కూటరు కొనుక్కుంది. కొన్న ఆర్నెల్లకి ఆ కంపెనీ షోరూం మూసేసి బోర్డు కూడా పీక్కుపోయారు. ఇప్పుడది గంపతో కొండెక్కుతూ మూడో మలుపులో ఆగిపోతోంది.

"రోజూ అక్కడికొచ్చీసరికి నా మీద అలుగుతాది," అంది సూర్యకళ నవ్వి. "దిగి తోసుకెల్తన్నాను. ఎండకి ఐసు కరిగిపోతంది. ఎక్కడికెల్లినా మాకు రాదంటన్నారు. నీ బోర్డు సదివి వచ్చినానమ్మీ."

"అవుద్దక్కా. రెండ్రోజులు ఉంచు," అంది శ్రీవల్లి.

సీటు కింద పెట్టె విప్పితే లోపల బొటనవేలంత సెల్లులు వరసలు వరసలుగా ఉన్నాయి. మీటరు పెట్టి చూస్తే ఏడు చచ్చిపోయాయి. కొత్తవి ఎక్కడ దొరుకుతాయో తెలీక పాత సామాన్ల అల్తాఫ్ దగ్గరికెళ్లింది. అల్తాఫ్ గోడౌనులో సీసం బ్యాటరీలు గోడలా పేర్చి ఉంటాయి. అవి అతనికి ఇష్టం. కరెంటు బళ్ల పెట్టెల్ని మాత్రం వాకిట్లో, ఎండలో, విడిగా పారేసి ఉంచాడు. ఏది కావాలంటే అది ఊరికే పట్టుకుపొమ్మన్నాడు. సీసమైతే కరిగించేవాళ్లున్నారు గానీ వీటిని కొనేవాడు లేడనీ, మున్సిపాలిటీ బండి ఎక్కించుకోదనీ, కంపెనీకి ఫోన్ చేస్తే పాట వినిపిస్తుందనీ చెప్పాడు. "తీసుకెళ్తే నీకు దణ్ణం పెడతానమ్మా. రాత్రి పూట వీటికి భయపడి లేస్తున్నాను."

ఆమె ఒక పాత పెట్టెలోంచి బతికున్న ఏడు సెల్లులు పీకి, వీడియోలో చూసినట్టే అతికించింది. మీటరులో ముల్లు లేచి నిలబడినప్పుడు ఆమెకి గర్వంతో చెవులు వేడెక్కాయి. చచ్చిన సెల్లుల్ని పెయింటు డబ్బాలో ఇసక పోసి పాతి, బల్ల కిందకి తోసింది. పెట్టె మూతకి ఉన్న రబ్బరు పీకేటప్పుడు తెగిపోయింది. దానికి బదులు ఇంజన్లకి రాసే గాస్కెట్ పేస్టు రాసి బిగించింది. లోపలి ఆయిల్ని బయటికి రానివ్వనిది బయటి నీళ్లని లోపలికెలా రానిస్తుంది అనుకుంది. ఆ షెడ్డులో పెరిగిన ఎవరైనా అలాగే అనుకుంటారు.

తరవాత బండిని బయటికి తోసి పంపు పెట్టింది. ఉప్పు, చేప పొలుసు, సీటు సందుల్లో ఎండిన నీచు. ఎంత కడిగినా వదలదు. ధార పెంచి సీటు ఎత్తి లోపల కూడా కొట్టింది. అప్పుడు చూసింది. మూత అంచున, ఎడమ మూల, ఒక బుడగ లేచింది. పక్కనే ఇంకోటి. కాసేపాగి మూడోది, చిన్నది.

బుడగ వస్తోందంటే లోపల గాలి బయటికొస్తోంది. గాలి బయటికొస్తోందంటే దాని చోటులోకి ఏదో వెళ్లింది. ట్యూబు పంక్చరు వెయ్యడం నేర్చుకున్న మొదటి రోజు నుంచీ శ్రీవల్లికి అది తెలుసు.

సూర్యకళ గేటు దగ్గర నిలబడి ఉంది. "అయిపోనాదా అమ్మీ?" అని రెండోసారి అడిగింది. మళ్లీ విప్పాలంటే ఇంకో పూట. విప్పితే తనకి పని రాదని తెలుస్తుంది. శ్రీవల్లి గుడ్డ తీసుకుని మూడు బుడగలూ తుడిచేసింది. ఈ ఎండకి అదే ఆరిపోతుంది అనుకుంది. హ్యాండిలుకి మందారం గుచ్చి తాళం చేతికిచ్చింది.

బండి మూడో మలుపు దాటిందని మర్నాడు సూర్యకళ ఫోన్ చేసి చెప్పింది. నాలుగో రోజు మధ్యాహ్నం యారాడలో బండి తగలబడింది. బేరం నుంచి వచ్చి, చార్జింగు పెట్టి, అన్నం తింటూ ఉంటే చప్పుడైందట. బండి పెట్టుకునేది మూడు పడవలవాళ్లు వలలు ఆరేసే రేకుల పాకలో. వలలు సెగకే కరిగిపోయాయట. లాగబోయి సూర్యకళ కుడి చెయ్యి కాల్చుకుంది. యారాడ బస్సు డ్రైవరు షెడ్డు ముందు బస్సు స్లో చేసి, కిటికీలోంచి ఇదంతా చెప్పి వెళ్లిపోయాడు.

అప్పలసూరి పానా కింద పెట్టాడు. కూతురి దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"ఆ మూతకేటి రాసినావు?"

"గాస్కెట్ పేస్టు."

"నానైనా అదే రాద్దును. కడిగినావా?"

"మనం కడక్కుండా ఇస్తామా?"

"నీళ్లేటైనా లోనికెల్లినట్టు కనబడిందా వల్లీ?"

"లేదు నాన్నా," అంది శ్రీవల్లి.

ఆమె అబద్ధాలు ఆడే మనిషి కాదు. అందుకని ఆయన నమ్మాడు. లేచి వెళ్లి మళ్లీ పానా అందుకున్నాడు. ఆ నమ్మకం చూసి ఆమె బల్ల కింది పెయింటు డబ్బాని ఇంకా లోపలికి తోసింది.

వారానికి సూర్యకళే వచ్చింది. బస్సులో వచ్చింది. కుడి చేతికి మోచెయ్యి దాకా కట్టు. ఎడమ చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో కానాగంత చేపలు. యారాడ పెద్ద అర్జునరావు, మూడు పడవలవాళ్లూ కూర్చుని మాట్లాడుకున్నారట. అజాగ్రత్తగా ప్లగ్గు పెట్టి పదిమంది వలలు కాల్చింది గనక ఇక ఆ ఊళ్లో కరెంటు బండి తేకూడదనీ, వలలు మళ్లీ అల్లడం అయ్యేదాకా సూర్యకళ రోజూ పాక దగ్గర కూర్చుని దారం అందించాలనీ, అప్పటి దాకా ఆ మూడు పడవల చేప ఆమె గంపలో పడకూడదనీ తీర్మానించారట. ఉన్నవే ఆ మూడు పెద్ద పడవలు. ఈ కానాగంతలు కూడా ఇంకెవరినో అడిగి తెచ్చినవి.

ఇదంతా చెప్పడానికి ఆమె రాలేదు. క్షమించమనడానికి వచ్చింది.

"కరెంటు బళ్లు బాగుసెయ్యడం ఇప్పుడిప్పుడే మొదలెట్టినావు కదా. నా వల్ల నీ షెడ్డుకి సెడ్డపేరు వచ్చీసుంటాది," అంది. "నువ్వు బాగానే సేసిచ్చినావమ్మీ. నాలుగు రోజులు ఎగిరెగిరి కొండెక్కినాది. నానే సూసుకోనేదు. ఏటి తప్పు సేసినానో ఇప్పటికీ తెలవడం నేదు. ఇవి వండుకోండి."

శ్రీవల్లి సంచి అందుకుంది. "చెయ్యి తగ్గిపోద్దిలే అక్కా," అనేసింది.

గౌరీశ్వరి ఆ చేపలు చింతపండు పోసి పులుసు పెట్టింది. శ్రీవల్లి తిన్నది. తినలేకపోయిందని చెప్పుకుంటే బాగుండేది. కానీ పులుసు బాగుంది, ఆమెకి ఆకలిగా ఉంది, రెండోసారి కూడా వడ్డించుకుంది. తరవాతెప్పుడు ఆ రోజుని తలుచుకున్నా అబద్ధం కంటే ముందు ఆ రెండో వడ్డనే గుర్తొచ్చేది.

మర్నాడు పొద్దున ఆమె చుట్టుదారినే షెడ్డుకి వెళ్లింది. మొదటి మలుపులో ఉండే పెళ్లివంటల వాళ్ల స్కూటరు ఏమీ అనలేదు. హారన్ పాడైందేమో అనుకుంది. రెండోది అనలేదు. మూడోది, ఎప్పుడూ దూరం నుంచే గోల పెట్టే ఆటో, అద్దం మీద దుమ్ముతో అలాగే నిలబడి ఉంది. పదకొండూ అంతే. షెడ్డు ముందు ఉంచే ఇంటి మోపెడ్ దగ్గర ఆమె కావాలని ఆగింది. దాని సీటు మీద చెయ్యి వేసింది. అది దగ్గనైనా దగ్గలేదు.

వెనకాల అప్పలసూరి వస్తుంటే ఉన్న బళ్లన్నీ మామూలుగానే పలికాయి.

పేటలో దీన్ని గురించి ఎవరూ ఏమీ అనలేదు. కిరాణా కొట్టాయన ఆమెకి చిల్లర ఇచ్చేటప్పుడు మొహం చూడకుండా ఇచ్చాడు, అంతే. సాయంత్రం గౌరీశ్వరి, "నువ్వొచ్చినట్టే తెలవలేదే," అంది. ఇంకేమీ అడగలేదు. రెండో రోజు నుంచి శ్రీవల్లి దగ్గరదారిలో, గోడల పక్కనుంచి వెళ్లడం మొదలెట్టింది. అప్పలసూరి ఆమెని ఒకటి రెండుసార్లు అడగబోయి మానేశాడు. ఆయనకి తెలిసిపోయిందని ఆమెకి తెలిసింది. తను చెప్పేదాకా ఆయన అడగడు. అది ఇంకా కష్టంగా ఉంది.

కరెంటు బండి మాత్రం తనని పట్టివ్వదు కదా అని ఒకటి రెండుసార్లు అనుకుంది కూడా. అవి ఎవర్నీ పలకరించవు. కాలిపోయినది అసలే పలకరించదు. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

బళ్లు పలకడం మానేసిన పన్నెండో రోజు మధ్యాహ్నం, తండ్రి భోజనానికెళ్లగానే, మోపెడ్ తీసి కొండెక్కింది. పైకెళ్లేకొద్దీ ఒక పక్క రిఫైనరీ గొట్టాలూ హార్బరు క్రేనులూ చిన్నవైపోయాయి, ఇంకో పక్క సముద్రం పెద్దదైంది. మూడో మలుపు దగ్గర బండి దానంతటది ఆగకపోయినా తనే ఆపింది. సూర్యకళ రోజూ దిగి తోసిన చోటు ఇదే. చెప్పాల్సిన మాటలు ఇక్కడ పైకి ఒకసారి అనుకుంది. గాలికి తనకే సరిగా వినపడలేదు.

యారాడలో రేకుల పాక నల్లగా ఉంది. దాని ముందు ఇసకలో టార్పాలిను కింద ఎనిమిదిమంది కూర్చుని వల అల్లుతున్నారు. చివర సూర్యకళ, ఎడమ చేత్తో దారం విప్పి అందిస్తోంది. కట్టు మురికిపట్టి ఉంది. శ్రీవల్లిని చూసి ఆమె మొహం విప్పారింది. "మా మెకానిక్కు," అంది పక్కవాళ్లతో.

అర్జునరావు తలెత్తి చూశాడు. అరవై దాటిన మనిషి, నోట్లో దారం కొస. "ఏటమ్మా, ఇంత ఎండలో వచ్చినావు?"

చెప్పడానికే వచ్చింది. ఎనిమిది మొహాలు తన వైపు తిరిగాయి. "కాలిన బ్యాటరీ తీసుకెళ్దామని తాతా," అంది. "బయట పారేస్తే వర్షానికి ప్రమాదం. ఇసకలో పెట్టి ఉంచాలి."

అది నిజమే. నిజం కాబట్టే అంత తేలిగ్గా వచ్చేసింది. అర్జునరావు మెచ్చుకున్నాడు. చదువుకున్న పిల్లలు ఇలా ఉండాలి, అమ్మేసిన కంపెనీవాడు రాలేదు గానీ బాగుచేసిన పిల్ల కొండెక్కి వచ్చింది అని అందరికీ వినపడేలా చెప్పాడు. తరవాత దారం నోట్లోంచి తీసి అడిగాడు.

"నీకు తెలుస్తాది గనక అడగతన్నాను. సార్జింగు ఎక్కువసేపు ఒగ్గేస్తే అలా తగలబడతాదా?"

సూర్యకళ కూడా తలెత్తింది. తను చేసిన తప్పేమిటో ఇప్పటికైనా తెలుస్తుందని ఆమె ఎదురుచూస్తోంది.

"అవుద్ది," అంది శ్రీవల్లి. "ఒక్కోసారి."

సూర్యకళ తల దించుకుంది. దారం ఉండలో ముడి పడింది, పళ్లతో విప్పుకోసాగింది.

శ్రీవల్లి పాకలోకి వెళ్లి నల్లటి పెట్టెని బకెట్టులో ఇసక పోసి పాతింది. మోపెడ్ వెనక కట్టింది. చేతులు కడుక్కోమని ఎవరో చెంబు ఇస్తే కడుక్కుంది. బండి స్టాండు తీసి, దాన్ని ఇసకలోంచి రోడ్డు దాకా తోసుకుంటూ నడిచింది. దారి సూర్యకళ ఇంటి పక్కనుంచే. కాలిన స్కూటరుని ఇంటి గోడకి ఆనించి పెట్టారు. సీటు లేదు, వైర్లు లేవు, టైర్లు లేవు. హారన్ ఉండే చోట ప్లాస్టిక్ కరిగి కారి గడ్డకట్టి ఉంది. ఒక కోడిపెట్ట హ్యాండిలు మీద కూర్చుంది. ఆమె తల తిప్పకుండా దాన్ని దాటింది.

నాలుగడుగులు వేశాక అది పిలిచింది.

సన్నగా, పసిపిల్ల చేతిలో తాటాకు బూరలా, ఒక్కసారి. కోడిపెట్ట లేచి ఎగిరిపోయింది.

టార్పాలిను కింద అందరూ తలలెత్తారు. మళ్లీ దించుకున్నారు. బాగుచేసిన మనిషి వెళ్తుంటే బండి పలకడం వాళ్లకేం కొత్త కాదు. "కరెంటువి పలకవన్నారు?" అన్నాడొకడు. "సెయ్యి బాగా పడుంటాది," అన్నాడు అర్జునరావు అల్లుతూనే. "కాలిపోయినా మరవనేదు సూడు."

ఎవరూ ఆమెని అనుమానించలేదు. ముందు రోడ్డు ఉంది. మోపెడ్ మీద ఎక్కితే అయిపోయేది. కాలిన బండి మళ్లీ పలికింది. ఆ గొంతులో కోపం లేదు. పోస్టాఫీసు ముందు స్కూటరు తండ్రిని చూసి ఎలా అనేదో అచ్చం అలాగే, వచ్చావా అన్నట్టుగా ఉంది. తను నీళ్లు పోసి చంపిన బండి. పదకొండూ మొహం తిప్పుకున్నాక, మాట్లాడేది ఇదొక్కటే మిగిలింది.

శ్రీవల్లి మోపెడ్‌ని అక్కడే స్టాండు వేసి వెనక్కొచ్చింది. టార్పాలిను అంచున, ఎండలోనే నిలబడింది.

"చార్జింగు వల్ల కాదు," అంది. "నేను అబద్ధం చెప్పాను. కడిగేటప్పుడు నీళ్లు లోపలికెళ్లాయి. మూత అంచున మూడు బుడగలొచ్చాయి. నేను చూశాను. మళ్లీ విప్పితే నాకు రాదనుకుంటారని గుడ్డతో తుడిచి ఇచ్చేశాను. అక్క ఏ తప్పూ చెయ్యలేదు."

అల్లే చేతులన్నీ ఆగాయి. సముద్రం చప్పుడు దగ్గరికొచ్చింది. ఎవరైనా తిడతారని చూసింది. ఒకాయన, అందరికంటే ఎక్కువ వలలు కాలినాయన, లేచి కొంత దూరం వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు. అర్జునరావు, ఇప్పుడు చెప్పింది ఇంకోసారి చెప్పమన్నాడు, మొదటి నుంచి. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది. బుడగల దగ్గర ఆగిపోయింది. ఆయన కదలకుండా కూర్చుని, ఆమె ఆ మాట అనేదాకా ఆగాడు.

అప్పుడు సూర్యకళ అడిగింది. "నాను సేపలు తెచ్చిననాడు నీకు తెలుసునా?"

"తెలుసు."

"తిన్నావా?"

"తిన్నాను."

సూర్యకళ దారం ఉండ ఒళ్లో వదిలేసింది. "నాను సెమించమన్నాను నిన్ను," అంది మెల్లిగా, తనలో తను అనుకున్నట్టు. తరవాత కట్టు ఉన్న చేతిని ఒళ్లోకి తీసుకుని, ఇంకో చేత్తో ఆ కట్టు అంచులు సర్దుకుంది. ఏడవలేదు. శ్రీవల్లి ఏడవకూడదని పళ్లు బిగబట్టుకుంది. ఆ హక్కు తనకి లేదనిపించింది.

అర్జునరావు లేచాడు. సూర్యకళ ముందు వంగి ఆమె ఒళ్లో దారం ఉండ తీసుకున్నాడు. "ఈ వల నీది కాదమ్మా. లే," అన్నాడు. "రేపు మొదటి పడవ నీ గంపలోకే. తప్పు మాది కూడా ఉన్నాది, అడక్కుండా నీ మీద ఏసీసినాం."

"లేసి ఏటి సెయ్యను?" అంది సూర్యకళ. "బండేది?"

ఆమె చూపు రోడ్డు మీదికి, మోపెడ్ మీదికి వెళ్లింది. తరవాత శ్రీవల్లి మీదికొచ్చింది. "రేపు అయిదున్నరకి ఇక్కడుండు. నా సెయ్యి మానినంత వరకూ నువ్వే తిప్పు. నువ్వు ఆలీసం సేస్తే సేప పాడైపోతాది."

ఆ సాయంత్రం శ్రీవల్లి షట్టరు దించకముందే తండ్రికి అంతా చెప్పింది. అప్పలసూరి విని, పంపు పైపు చుట్ట చుట్టి మేకుకి తగిలించాడు. "నాకు ఆనాడే సెప్పుంటే ఆ బండి ఇంటికెల్లకముందే ఆపుదుమా?" అని ఒక్కటే అడిగాడు. ఆపి ఉండేవాళ్లం కాదు, నువ్వు అడిగేనాటికే అది కాలిపోయింది అని ఆమె అనొచ్చు. కానీ ఆయన అడిగింది ఆ బుడగలొచ్చిన రోజు గురించి. ఆ రోజు ఆయన పక్కనే, పది అడుగుల దూరంలో, ఆటో కింద పడుకుని ఉన్నాడు. పిలిస్తే పలికేవాడు.

"ఆపుదుం నాన్నా," అంది.

ఆదివారాలు ఆయన యారాడ వెళ్లి వల అల్లడానికి కూర్చుంటున్నాడు. చేతకాక ముడులు తప్పు వేస్తాడు, వాళ్లు నవ్వుతూ విప్పి మళ్లీ వేస్తారు. బోర్డు మీద తెల్ల పెయింటు వరుసని శ్రీవల్లి కిరసనాయిలు పెట్టి తుడిచేసింది. తుడిచినా అక్షరాల నీడ ఉండిపోయింది, ఎండ వాలుగా పడినప్పుడు చదవొచ్చు. ఇసక బకెట్టు, పెయింటు డబ్బా షెడ్డు మూలన పక్కపక్కనే ఉన్నాయి. ఎవరికి ఇవ్వాలో తెలుసుకోడానికి ఆమె చాలా చోట్లకి ఫోన్లు చేసింది, ఉత్తరాలు రాసింది. ఎవరూ మాకివ్వు అనలేదు. అల్తాఫ్ వాకిట్లో పెట్టెలు కూడా ఒక్కోటీ తెచ్చి ఇసకలో పెడుతోంది. ఇప్పటికి బకెట్లు అయిదయ్యాయి.

మల్కాపురంలో ఆమె నడిస్తే ఏ బండీ పలకదు. పొద్దున్న మోపెడ్ వెనక సూర్యకళని, గంపని ఎక్కించుకుని, చేప నీళ్లు రోడ్డు మీద కారుతుండగా మిగతా పది బళ్ల ముందు నుంచే వెళ్తుంది. గోడల పక్క దారి మానేసింది. ఆమె వచ్చేది చప్పుడు లేకుండానే కాబట్టి గౌరీశ్వరి టీ పెట్టి, మూత వేసి, ఎప్పుడొస్తే అప్పుడు వేడి చేసిస్తోంది.

సూర్యకళ చేతికట్టు విప్పి నెల దాటింది. చెయ్యి మానిందని ఆమె చెప్పలేదు. శ్రీవల్లి అడగలేదు.

అయిదున్నరకి, వెలుగు ఇంకా సరిగా రాకముందే, మోపెడ్ యారాడ దిగుతుంది. సూర్యకళ ఇంటి గోడకి ఆనించిన ఆ నల్లటి ఇనప చట్రం ఆమె ఇంకా మలుపులో ఉండగానే పిలుస్తుంది, సన్నగా, ఒక్కసారి. అది విని లోపల సూర్యకళ గంప ఎత్తుకుంటుంది. ఆమె బయటికొచ్చేదాకా శ్రీవల్లి ఆ బండి పక్కన తల దించుకుని నిలబడుతుంది.